కొలవనిది సున్నా కాదు

పోయిన సెమ్ చివర్లో మన హాస్టల్ మెస్‌లో వారానికి 4 రోజులు పెట్టే గుడ్డు 2 రోజులకి తగ్గింది. గుర్తుంది కదా? అందరూ కాంట్రాక్టర్‌ని తిట్టుకున్నారు. గుడ్ల రేటు పెరిగిందేమో అనుకున్నారు. గ్రూపుల్లో మీమ్స్ కూడా తిరిగాయి. నేను వాటికి నవ్వే ఎమోజీలు పెట్టాను కానీ లోపల భయంగానే ఉంది. ఎందుకంటే ఆ గుడ్లు పోవడానికి కారణం రేటు కాదు, నేను. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే నేను రాసిన ప్రోగ్రాంలో ఒక్క లైను. ఆ లైన్లో ఒక్క భాగహారం.

ఇది క్షమాపణ ఉత్తరం కాదు. అలాగని ఇందులో క్షమాపణ అస్సలు లేదనీ కాదు. తిండిని కొలవడం గురించి ఈ 4 నెలల్లో నాకు ఒక గట్టి అభిప్రాయం ఏర్పడింది. అది చెబుదామని.

మా మినీ ప్రాజెక్ట్ ఏంటంటే, మెస్ మెనూలో ఉన్న ప్రతి ఐటమ్‌కీ ఒక చుక్క ఇవ్వడం. భూమికి భారం తక్కువైతే ఆకుపచ్చ, మధ్యస్తమైతే పసుపు, ఎక్కువైతే ఎరుపు. డేటా కోసం అందరూ వాడేవే వాడాం. కార్బన్ లెక్కలకి 2018లో 'సైన్స్' పత్రికలో పూర్, నెమెచెక్ అనే ఇద్దరు పరిశోధకులు వేసిన లెక్కలు. 119 దేశాల్లో దాదాపు 38,700 పొలాల సమాచారం అందులో ఉంది. నీళ్ళకి నెదర్లాండ్స్‌లో మెకోనెన్, హోక్‌స్ట్రా కట్టిన లెక్కలు. రెండూ చాలా గొప్ప పనులు. తప్పు వాటిది కాదు, వాటిని తెచ్చి మన పళ్ళెం మీద పడేసిన మాది.

రివ్యూలో సార్‌కి బాగా నచ్చింది. రంగు చుక్కలు ఉంటే ఏదైనా నమ్మకంగా కనిపిస్తుంది. మెస్ కమిటీ వాళ్ళు కూడా అడిగి తీసుకున్నారు. గుడ్డుకి ఎరుపు చుక్క వచ్చింది. మిగతాది మీకు తెలిసిందే.

తేడా కొడుతోందని నాకు మొదట చెప్పింది మాత్రం సార్ కాదు, కమిటీ కాదు. మా అమ్మమ్మ.

సంక్రాంతి సెలవుల్లో అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్ళాను. జహీరాబాద్ దగ్గర పల్లె. ల్యాప్‌టాప్ తెరిచి గొప్పగా చూపిస్తుంటే ఆమె అడిగింది: "మరి మన జొన్నరొట్టెకు ఎన్ని మార్కులేసినవ్ బిడ్డా?" జొన్న ఇందులో లేదమ్మమ్మా అన్నాను. పక్కనే ఉన్న మామయ్య స్క్రీన్ చూసి, "ఇది జొన్నే కదరా" అని ఒక వరస మీద వేలు పెట్టాడు. అక్కడ 'సార్గమ్' అని ఉంది. నెల రోజులు ఆ పదాన్ని టైప్ చేశాను, గ్రాఫ్ గీశాను, వైవాలో దాని గురించి మాట్లాడాను. అది నేను చిన్నప్పటి నుంచి తింటున్న జొన్న అని నాకు తెలీదు. ఇంగ్లీష్ మీడియంలో మనం ఇలాంటివి చాలానే పోగొట్టుకున్నాం, కానీ ఇంత సిగ్గుగా ఎప్పుడూ అనిపించలేదు.

సరే, దానికి నీళ్ళ కాలమ్‌లో ఏం వచ్చింది? ఎరుపు. బియ్యానికి? పసుపు.

అమ్మమ్మ నవ్వలేదు, కోప్పడలేదు. నిజంగానే అర్థం కాక అడిగింది. "వానకు పండే జొన్నకు నీళ్ళెవలు పోసిన్రు బిడ్డా? దేవుని లెక్క గూడ మా మీదనే రాసినవా?"

రాత్రి కూర్చుని డేటా మళ్ళీ తెరిచాను. అంకెలు ఇలా ఉన్నాయి. ఒక టన్ను వడ్లు పండడానికి ప్రపంచ సగటున 1,673 ఘనపు మీటర్ల నీళ్ళు. టన్ను జొన్నకి 3,048. సజ్జ, కొర్ర లాంటివన్నీ కలిపి చూస్తే టన్నుకి 4,478. అంటే చిరుధాన్యాలకి నీళ్ళు తక్కువ అని మనం పోస్టర్లలో చదువుకున్నదంతా తల్లకిందులు!

కానీ అదే టేబుల్లో పక్కన ఇంకో 3 కాలమ్స్ ఉన్నాయి. నేను తోసేసినవి. వాన నీరు, పారించిన నీరు, కలుషితాన్ని పలచబరచడానికి కావాల్సిన నీరు. వాటిని పచ్చ, నీలి, బూడిద రంగు నీళ్ళంటారు. జొన్నకి లెక్కకొచ్చిన 3,048లో 2,857 వాన నీరే. పారించింది 103 మాత్రమే. వడ్లకి పారించింది 341. అంటే చెరువులో, కాలువలో, బోరులో మనం తోడేసేది చూస్తే వరి జొన్నకంటే మూడు రెట్లకు పైనే. మరి జొన్న మొత్తం అంకె అంత పెద్దగా ఎందుకుంది? దిగుబడి తక్కువ కాబట్టి. పొలం మీద పడిన వానని తక్కువ క్వింటాళ్ళతో భాగిస్తే ఒక్కో క్వింటాలుకి ఎక్కువ వస్తుంది. అంతే. ఆ పొలంలో జొన్న వేసినా వేయకపోయినా ఆ వాన పడేదే.

అమ్మమ్మ వాళ్ళ వైపు నల్లరేగడిలో యాసంగి జొన్న వేస్తారు. వానలు వెనకబట్టాక విత్తుతారు. నేల పట్టి ఉంచుకున్న తేమతో, రాత్రి పడే మంచుతో పండుతుంది. చుట్టూ కుసుమ సాళ్ళు వేస్తారు, ముళ్ళుంటాయి కాబట్టి పశువులు లోపలికి రావు. మధ్యలో శనగ. కోత అయ్యాక గింజ ఇంటికి, చొప్ప ఎడ్లకి. నా టేబుల్లో ఇవేవీ లేవు. గింజ ఒక్కటే ఉంది. మొత్తం పొలం భారాన్నంతా తెచ్చి గింజ నెత్తినే పెట్టాను.

వరికి కూడా ఇలాంటి అన్యాయమే చేశాను. కోనసీమలో వానాకాలంలో నీళ్ళు నిలిచే పొలంలో పండిన కిలో బియ్యం, సంగారెడ్డి జిల్లాలో ఎండాకాలం బోరు మీద పండిన కిలో బియ్యం, నా ప్రోగ్రాంలో రెండూ ఒకటే. ఎందుకంటే నేను వాడింది ప్రపంచ సగటు. మొదటి పొలంలో ఆ సీజన్‌లో వరి కాక వేరే పంట నిలవడమే కష్టం. రెండో పొలంలో ప్రతి తడికీ భూమి లోపలి నీరు ఖర్చవుతుంది. ఆ తేడా 'బియ్యం' అనే ఒక్క వరసలో ఎక్కడ కనిపిస్తుంది?

ఇంతకంటే ఘోరం కార్బన్ కాలమ్‌లో జరిగింది. ఆ పెద్ద డేటాసెట్‌లో గోధుమ ఉంది, మొక్కజొన్న ఉంది, బార్లీ ఉంది, ఓట్స్ ఉన్నాయి, బియ్యం ఉంది. జొన్న లేదు. రాగి లేదు. సజ్జ లేదు. కాబట్టి ఆ గడులు ఖాళీ. ఖాళీ గడులుంటే ప్రోగ్రాం ఎర్రర్ ఇస్తుంది కదా, అందుకని సీఎస్‌ఈ వాళ్ళందరికీ తెలిసిన ఆ ఒక్క కమాండ్ కొట్టాను: ఖాళీలన్నీ సున్నాతో నింపెయ్. ఎర్రర్ పోయింది. జొన్న కార్బన్ సున్నా అయింది. నీళ్ళలో అబద్ధపు ఎరుపు, కార్బన్‌లో అబద్ధపు ఆకుపచ్చ, రెండిటి సగటు తీస్తే చివరికి పసుపు. చూడ్డానికి ఎంత పద్ధతిగా ఉందో! రివ్యూలో ఒక్కరు కూడా అనుమానపడలేదు.

మనకి ఫస్ట్ ఇయర్‌లోనే చెప్పారు, నల్ వేరు, సున్నా వేరు అని. బ్యాంక్ బ్యాలెన్స్ సున్నా అంటే డబ్బు లేదని. నల్ అంటే ఎంతుందో మనకి తెలీదని. పరీక్షలో 2 మార్కులకి రాశాం, మర్చిపోయాం. నా అభిప్రాయంలో ప్రాంతీయ ఆహారం గురించి, సుస్థిరత గురించి నడిచే వాదనల్లో సగం తప్పులు ఈ ఒక్క దగ్గరే పుడుతున్నాయి. కొలవనిదాన్ని సున్నా అనుకోవడం.

అలా సున్నా అయిపోయిన వాటిలో అన్నిటికంటే పెద్దది ఆడవాళ్ళ చాకిరి.

నేను అమ్మమ్మతో, "అయితే జొన్న నిజంగా మంచిదేనమ్మమ్మా, మళ్ళీ అందరూ అదే తినాలి" అన్నాను. కరెక్ట్ చేశానన్న ఉత్సాహంలో. ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "మంచిదే. తట్టేదెవలు?" అంది.

తర్వాత చాలాసేపు చెప్పింది. తెల్లారకముందే లేచి పొయ్యి ముందు కూర్చుని ఇంట్లో 9 మందికి రొట్టెలు తట్టడం. కొర్రలైతే ముందు రోకలితో దంచి పొట్టు తీయాలి. దంచిన చేతులు రాత్రికి మంట. వాళ్ళింట్లో వరన్నం అంటే పండగకే. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం తెచ్చినప్పుడు ఆమెకి కొత్తగా పెళ్ళయింది. "ఆ బియ్యం వచ్చినంక రెండు పూటలా అన్నం తిన్నం. నా చేతులకు సెలవు దొరికింది" అంది.

ఆ ఒక్క మాటతో నా వాదన మొత్తం కూలిపోయింది. మనం ఇప్పుడు బియ్యాన్ని విలన్‌ని చేసి మాట్లాడుతున్నాం. పోషకాల్లో నష్టం నిజమే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికలు చూస్తే 100 గ్రాముల పాలిష్ బియ్యంలో ఇనుము 0.65 మిల్లీగ్రాములు, జొన్నలో దాదాపు 4. రాగిలో కాల్షియం 364 మిల్లీగ్రాములు, బియ్యంలో 8 కూడా లేదు. ఇది చిన్న తేడా కాదు. కానీ ఆ 4 మిల్లీగ్రాముల ఇనుము పళ్ళెంలోకి రావడానికి ఎవరి చేతులు ఎంతసేపు పనిచేశాయన్నది ఏ పట్టికలోనూ లేదు. లేదు కాబట్టి సున్నా అనుకుంటున్నాం. ఇప్పుడు మరలు వచ్చాయి, పిండి ప్యాకెట్లు వచ్చాయి, నిజమే. అప్పుడు ఇంకో కాలమ్ వస్తుంది: ధర. 2023ని ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అంది. మన సిటీ సూపర్ మార్కెట్లలో కొర్రలకి మంచి ప్యాకింగ్ వచ్చింది, మంచి రేటూ వచ్చింది. ఒకప్పుడు పేదవాళ్ళ తిండి అని చిన్నచూపు చూసినదాన్ని ఇప్పుడు పేదవాళ్ళు కొనలేని రేటుకి అమ్ముతున్నారు.

ఇక గుడ్డు దగ్గరకి వస్తాను.

సెలవుల నుంచి వచ్చాక నా రూమ్మేట్‌కి నిజం చెప్పేశాను, ఆ గుడ్లు పోయింది నా వల్లేనని. వాడు తిట్టలేదు. వాడు తిట్టి ఉంటే బాగుండేది. "మా ఇంట్లో గుడ్డంటే ఆదివారమే రా. ఇక్కడికొచ్చాక 4 రోజులు పెడుతుంటే బాగుంది అనుకున్నా" అన్నాడు. తర్వాత అడిగాడు: "దేంతో భాగించావ్?"

కేలరీలతో అన్నాను.

"గుడ్డు కేలరీల కోసం తింటామా?"

వాడు సివిల్. మా బ్రాంచ్‌లో 60 మందికి, మా గైడ్‌కి, నాకు తట్టని ప్రశ్న అది.

ఇద్దరం కూర్చుని మళ్ళీ లెక్కేశాం. ఆ 2018 డేటా ప్రకారం కిలో బియ్యానికి దాదాపు 4.5 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమైన వాయువులు. కిలో గుడ్లకి 4.7. అంటే బరువు లెక్కలో ఇద్దరూ సమానమే. 1,000 కేలరీలకి లెక్కేస్తే బియ్యం 1.2, గుడ్డు 3.2. గుడ్డు చిత్తుగా ఓడింది. నేను వాడింది ఇదే. ఇప్పుడు 100 గ్రాముల ప్రొటీన్‌కి లెక్కేయండి. గుడ్డు 4.2, బియ్యం 6.3. గుడ్డు గెలిచింది. డేటా అదే, పొలాలు అవే, కోళ్ళు అవే. కింద ఉన్న హారం మారింది, రంగు మారింది.

అన్నం, పలచటి పప్పు, బంగాళదుంప కూర ఉన్న మన మెస్ పళ్ళెంలో తక్కువగా ఉన్నది కేలరీలు కాదని మీకు వేరే చెప్పక్కర్లేదు. అలాంటి పళ్ళెంలో గుడ్డుని కేలరీలతో కొలవడం, అంబులెన్స్‌ని మైలేజ్‌తో కొలవడం లాంటిది.

ఇంకో విషయం. ఆ 2 గుడ్లు పోయినప్పుడు నేనేం చేశాను? బయట నుంచి ఎగ్ ఫ్రైడ్ రైస్ ఆర్డర్ పెట్టుకున్నాను. వాడు పెట్టుకోలేదు. అంటే నా ప్రాజెక్ట్ వల్ల భూమికి ఒరిగింది ఏమీ లేదు. డబ్బున్న వాళ్ళ గుడ్డు ప్లాస్టిక్ డబ్బాలో వచ్చింది, లేని వాళ్ళ గుడ్డు పోయింది. ఆ కాలమ్ కూడా నా దగ్గర లేదు. ఎవరికి ప్రత్యామ్నాయం ఉంది, ఎవరికి లేదు అనేది.

నాలాంటి సెకండియర్ వాడే కాదు, పెద్ద పెద్ద వాళ్ళూ ఇక్కడ తడబడ్డారు. 2019 జనవరిలో ఈట్-లాన్సెట్ కమిషన్ అని ప్రపంచ స్థాయి శాస్త్రవేత్తల బృందం భూమికీ ఆరోగ్యానికీ సరిపోయే ఒక పళ్ళెం గీసింది. రోజుకి 2,500 కేలరీలు, ఇన్ని గ్రాముల ధాన్యం, ఇన్ని గ్రాముల పప్పులు, గుడ్డు 13 గ్రాములు, ఇలా. చాలా జాగ్రత్తగా చేసిన పని. కానీ దాని ధర ఎంత అని మరుసటి ఏడాది వేరే పరిశోధకులు లెక్కేస్తే, ప్రపంచంలో కనీసం 158 కోట్ల మందికి ఆ పళ్ళెం ఖర్చు వాళ్ళ మొత్తం రోజు ఆదాయం కంటే ఎక్కువని తేలింది. అద్దె, బట్టలు, బస్ చార్జీ అన్నీ మానేసినా అందని పళ్ళెం అన్నమాట.

లెక్క ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపుతామన్నది కూడా ఇలాంటిదే. 'లోకల్ తిండి తినండి, లారీ పొగ తగ్గుతుంది' అంటారు కదా. 2018 లెక్కలో తిండి వల్ల వచ్చే వాయువుల్లో రవాణా వాటా దాదాపు 6 శాతం. 2022లో ఇంకో బృందం 19 శాతం అంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. రెండో వాళ్ళు ఎరువులు, యంత్రాలు పొలానికి చేరే రవాణా కూడా కలిపారు. వరి మడిలో పుట్టే మీథేన్‌ని చూడండి. 100 ఏళ్ళ లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 27 రెట్లు వేడి పెంచుతుంది, 20 ఏళ్ళ లెక్కన దాదాపు 80 రెట్లు. ఏది పెట్టాలి? మా దాంట్లో అది ఒక డ్రాప్‌డౌన్. డీఫాల్ట్ అలాగే వదిలేశాం. ఆ డీఫాల్ట్ ఎవరు ఎంచుకున్నారో కూడా చూడలేదు.

ఇప్పుడు అసలు నాకు కోపం వచ్చే విషయం. ఈ స్కోర్లన్నీ ఎప్పుడూ తినేవాళ్ళ పళ్ళెం మీదే పడతాయి. పళ్ళెంలోకి ఏం రావాలో నిర్ణయించేది మాత్రం వేరే చోట ఉంటుంది. 2024-25కి కేంద్రం ప్రకటించిన మద్దతు ధరలు చూడండి. సాధారణ రకం వడ్లకి క్వింటాలుకి 2,300 రూపాయలు. హైబ్రిడ్ జొన్నకి 3,371. కాగితం మీద జొన్నే గెలిచింది. మరి మామయ్య బోరున్న ఎకరంలో వరే ఎందుకు వేస్తున్నాడు? "వడ్లకు ఊర్లకే కాంటా వస్తది. జొన్నలకు ఎవడొస్తడు?" అన్నాడు. మద్దతు ధర ఒక అంకె. కొనడానికి వచ్చే మనిషి, తూకం వేసే కాంటా, అకౌంట్లో పడే డబ్బు, ఇవి నిజం. దిగుబడి కూడా వరిదే ఎక్కువ, కరెంటు ఉచితం. ఇన్ని వైపుల నుంచి వరి వైపు నెట్టి, చివర్లో అన్నం తింటున్న మనిషికి ఎరుపు చుక్క పెట్టడం ఏం న్యాయం?

2013 ఆహార భద్రతా చట్టంలో బియ్యం కిలో 3 రూపాయలు, గోధుమ 2, ముతక ధాన్యం 1 రూపాయి అని రాశారు. చట్టంలో జొన్నకీ చోటుంది. అమ్మమ్మ వాళ్ళ ఊరి రేషన్ షాపులో ఆమె చూసింది మాత్రం బియ్యమే. 2025 ఉగాది నుంచి తెలంగాణలో సన్న బియ్యం ఇస్తున్నారు. అమ్మమ్మ సంతోషంగా ఉంది. ఆ సంతోషాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదని ఇప్పుడు అనిపిస్తోంది. అడిగితే గిడితే, బియ్యంతో పాటు పిండి పట్టిన జొన్నలు కూడా ఇవ్వమని అడగాలి.

"అయితే కొలవడమే మానేద్దామంటావా?" అని మా టీమ్‌మేట్ అడిగింది. అస్సలు కాదు. కొలవకపోతే ఏమవుతుందో మన మెస్ వెనక్కి వెళ్ళి చూడండి. రోజూ రెండు పెద్ద డ్రమ్ముల అన్నం పారేస్తున్నాం. ఎండాకాలం ఎన్ని ట్యాంకర్లు వస్తున్నాయో ఎవరికీ తెలీదు. కొలవనిది ఎవరికీ పట్టదు. నేను అనేది ఒక్కటే, దగ్గర నుంచి కొలుద్దాం, ఎవరిని కొలుస్తున్నామో వాళ్ళని కూర్చోబెట్టుకుని కొలుద్దాం.

ఇది నా కొత్త ఐడియా ఏం కాదు. అమ్మమ్మ వాళ్ళ వైపే పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది, 1983 నుంచి. అంటే 2 రూపాయల బియ్యం వచ్చిన సంవత్సరమే. 1990ల్లో అక్కడి సంఘాల్లోని ఆడవాళ్ళు, ఎక్కువగా దళిత మహిళలు, బీడు పడిన భూముల్ని సాగులోకి తెచ్చి, పండిన జొన్నలో కొంత ఊర్లోనే నిల్వ పెట్టి, కరువు నెలల్లో పేద ఇళ్ళకి తక్కువ ధరకి ఇచ్చే పద్ధతి నడిపారు. ఎవరికి ఎంత ఇవ్వాలి అన్నది ఎక్కడో ఆఫీసులో తేలలేదు. ఊరే కూర్చుని ఏ ఇల్లు ఎంత కష్టంలో ఉందో తేల్చింది. అది కూడా కొలతే. డేటా సేకరణే. కాకపోతే కొలిచే వాళ్ళూ కొలవబడే వాళ్ళూ ఒకే చోట కూర్చున్నారు, తప్పు రాస్తే అక్కడే "గట్ల గాదు" అని చెప్పే మనిషి ఉంది. నా ప్రాజెక్ట్‌లో లేనిది ఆ మనిషే. అమ్మమ్మ అడిగిన ఒక్క ప్రశ్న, రూమ్మేట్ అడిగిన ఒక్క ప్రశ్న ముందే వచ్చి ఉంటే గుడ్లు పోయేవి కాదు.

కాబట్టి ఎవరైనా మీకు తిండి మీద ఒక స్కోరు చూపిస్తే, అది యాప్ అయినా, న్యూస్ అయినా, మా ప్రాజెక్ట్ అయినా, 3 ప్రశ్నలు అడగండి. దేంతో భాగించారు? లెక్క ఎక్కడ ఆపారు? ఖాళీ గడుల్లో ఏం పెట్టారు? ఈ మూడింటికీ జవాబు లేకపోతే ఆ రంగు చుక్కకి విలువ లేదు.

నా వంతుగా నేను చేసింది చెబుతాను. కోడ్ మార్చాను. వాన నీరు, పారించిన నీరు విడదీశాను. ప్రతి ఐటమ్‌కీ ఒక చుక్క బదులు కేలరీ లెక్క, ప్రొటీన్ లెక్క పక్కపక్కనే పెట్టాను. ఖాళీ గడుల్లో సున్నా తీసేసి 'తెలీదు' అని రాశాను. ఇప్పుడు టేబుల్లో మూడో వంతు 'తెలీదు'. సార్ చూసి, అసంపూర్ణంగా కనిపిస్తోంది కదా అన్నారు. అవును సార్, అసంపూర్ణంగానే ఉంది అన్నాను.

కొత్త మెనూ కోసం మెస్ కమిటీ మీటింగ్ వచ్చే శనివారం సాయంత్రం 5 గంటలకి డైనింగ్ హాల్లోనే. గుడ్డు మళ్ళీ 4 రోజులు చేయమని నేనే అడగబోతున్నాను, పాత రిపోర్ట్ తప్పని ఒప్పుకుని. దాంతో పాటు ఒక వారం పాటు పారేస్తున్న అన్నం తూద్దామని కూడా. తూకం మిషన్ ఒకటి దొరికింది. డ్రమ్ముల దగ్గర నిలబడడానికి పూటకి ఇద్దరు కావాలి. రూమ్మేట్ ఒక పూట ఒప్పుకున్నాడు. మిగతా పూటలకి మీరెవరైనా వస్తారా?